సేవకు డబ్బెందుకని అడిగేవాళ్ళకు

(బడుల్లో సేవతో కూడిన చదువుకు ప్రభుత్వ నిధులు కావాలని కోరుతూ టీచర్లు, తల్లిదండ్రుల సభలో ఒక విశ్రాంత లెక్కల మాస్టారు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినిపిస్తోందా? సరే.

నేను ఒక కుళాయితో మొదలుపెడతాను. అవును, కుళాయే. మా బడి గేటు పక్కన వీధి కుళాయి ఒకటి ఉండేది. ఎప్పుడూ కారుతూనే ఉండేది. అందరం దాని పక్కనుంచే వెళ్ళేవాళ్ళం, వచ్చేవాళ్ళం. ఒకరోజు ఇంటర్వెల్ అయిపోయాక ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకత్తి ఆలస్యంగా వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి. ఏమ్మా అంటే, "కుళాయి కట్టేద్దామని చూశాను సార్, ఎంత తిప్పినా కారుతూనే ఉంది" అంది. నేను ఆ రోజు ఘనపరిమాణం చెప్తున్నాను. ఊరికే నోటికొచ్చి అడిగాను, "ఎంత కారుతోందమ్మా?" అని. "చాలా సార్." "చాలా అంటే ఎంత?" పిల్ల దగ్గర సమాధానం లేదు. నా దగ్గరా లేదు.

మర్నాడు లీటరు సీసా ఒకటి, చేతి గడియారం ఒకటి పట్టుకుని నలుగురు పిల్లలు కుళాయి దగ్గర కూర్చున్నారు. సీసా నిండడానికి 12 నిమిషాలు పట్టింది. బోర్డు మీద లెక్క వేశాం. గంటకు 5 లీటర్లు. రోజుకు 120. ఏడాదికి 43,800 లీటర్లు. ఆ అంకె రాశాక తరగతిలో చప్పుడు లేదు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పాను, బోర్డు మీద ఒక జవాబు చూసి పిల్లలు అలా నిశ్శబ్దమైపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకడు, "సార్, ఊళ్ళో ఇదొక్కటేనా కారేది?" అన్నాడు.

అంతే. ఆ శనివారం పిల్లలు తిరిగి తొమ్మిది కుళాయిలు పట్టుకున్నారు. ఒక్కో కుళాయికి ఒక్కో పేజీ. అసలు విషయం ఇప్పుడు చెప్తాను, వినండి. ఒక పిల్లాడు నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టి, "సార్, మన లెక్క తప్పు" అన్నాడు. ఏం తప్పురా? "నీళ్ళు రోజంతా రావు సార్. నాలుగు గంటలే వదులుతారు. మనం ఇరవై నాలుగుతో హెచ్చించాం." వాడు చెప్పింది అక్షరాలా నిజం. నాకు తట్టలేదు. 5 లీటర్లు ఇంటూ 4 గంటలు, రోజుకు 20. ఏడాదికి 7,300. నలభై మూడు వేలు కాస్తా ఏడు వేలైంది.

ఇప్పుడు కుళాయిలు బాగుచేయించమని ఆఫీసుకి అర్జీ రాయాలి. గేటు కుళాయికి ఏ అంకె రాయాలి? సగం మంది పెద్దదే రాద్దామన్నారు. పెద్దది రాస్తేనే పట్టించుకుంటారు సార్, అన్నారు. మిగతా సగం, అబద్ధం రాస్తే రేపు వాళ్ళొచ్చి కొలిస్తే మన పరువేంటి, అన్నారు. ఒక పీరియడ్ మొత్తం వాదించుకున్నారు. నేను నోరు మెదపలేదు. చివరికి 7,300 అనే రాశారు. మూడు వారాలకు ఒక మనిషి వచ్చి ఆరు కుళాయిలకు వాషర్లు మార్చి వెళ్ళాడు. మిగిలిన మూడు ఏవో పిల్లల దగ్గర రాసి ఉంది. రెండో అర్జీ వెళ్ళింది.

ఇందులో లెక్కలు ఉన్నాయా? ఉన్నాయి. భాష ఉందా? అర్జీ నాలుగుసార్లు తిరగరాశారు. సాంఘిక శాస్త్రం ఉందా? ఏ పనికి ఏ ఆఫీసుకి వెళ్ళాలో తెలుసుకున్నారు. నిజాయితీ మీద నేను ఒక్క ముక్క చెప్పలేదు, ఒక పీరియడంతా వాళ్ళే చెప్పుకున్నారు. ఊరికి ఏమైనా ఒరిగిందా? ఆరు కుళాయిలు బాగయ్యాయి. దీన్నే ఇవాళ ప్రపంచమంతా సర్వీస్ లెర్నింగ్ అంటోంది. ఈ పేరు 1960లలో అమెరికాలో పుట్టింది. మనం సేవతో చదువు అనుకుందాం. సేవ వేరు, చదువు వేరు కాకుండా ఒకే పనిలో రెండూ జరగడం.

ఇక రెండో సగం. ఇది చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ఆ పనికి మొత్తం పదకొండు పీరియడ్లు పట్టాయి. అవి ఎక్కడివి? నా ఖాళీ పీరియడ్లు, కొన్ని శనివారాలు. సీసాలు, నోట్‌బుక్కులు, పిల్లల్ని దూరం వీధులకు తీసుకెళ్ళిన ఖర్చు నా జేబులోది. నాకు బాధ లేదు, ఇష్టంగా పెట్టాను. కానీ సిలబస్ రెండు వారాలు వెనకబడింది. "ఇవన్నీ మనకెందుకండీ, పరీక్షలో కుళాయి రాదు కదా" అని బడిలో కొందరు అన్నారు. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళ మీద ఉన్న ఒత్తిడి వాళ్ళది. మరుసటి ఏడాది నాకు ట్రాన్స్‌ఫర్ అయింది. రెండేళ్ళ తర్వాత ఆ బడికి వెళ్ళి అడిగాను. ఏ కుళాయి, ఏ లెక్క? ఎవరికీ తెలియదు. ఆ పిల్లల పేజీలు ఎక్కడున్నాయో కూడా తెలియదు.

ఎందుకలా అయింది? పిల్లలకు ఇష్టం లేకనా? కాదు. టీచర్లకు మనసు లేకనా? కానే కాదు. ఆ పనికి టైమ్‌టేబుల్‌లో ఒక గడి లేదు, బడి ఖర్చుల పుస్తకంలో ఒక పద్దు లేదు. మొత్తం ఒక మనిషికి తగిలించి ఉంది. మనిషి వెళ్ళిపోయాడు, పనీ వెళ్ళిపోయింది.

ఇక్కడ చాలామంది నన్ను అడుగుతారు. ఇందాక టీ దగ్గర కూడా ఒకాయన అడిగారు, ఆయన ఇక్కడే ఉన్నారు. "మాస్టారూ, సేవకు డబ్బెందుకండీ? డబ్బిచ్చి చేయిస్తే అది సేవ ఎలా అవుతుంది?" మంచి ప్రశ్న. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. కానీ చూడండి, పిల్లలకు డబ్బిమ్మని ఎవరూ అడగడం లేదు. ఒక్క పైసా వద్దు. సేవ పిల్లలు ఊరికే చేస్తారు, సంతోషంగా చేస్తారు. డబ్బు కావల్సింది చదువుకి. ఆ సేవ చదువుగా మారడానికి ముందూ వెనకా జరగాల్సిన పని ఉంది చూశారూ, దానికి. లెక్కల పాఠానికి జీతం ఇస్తున్నామా లేదా? సైన్స్ ల్యాబ్‌కి సామాను కొంటున్నామా లేదా? మరి ఊరే ల్యాబ్ అయినప్పుడు ఎందుకు కొనం?

ముందూ వెనకా జరిగే పని అన్నాను కదా, అది లేకపోతే ఏమవుతుందో కూడా చూశాను. పిల్లలందరికీ చీపుర్లు ఇస్తారు. ముందే ఊడ్చి ఉన్న చోట నిలబెడతారు. ఫోటో తీస్తారు. చీపుర్లు వెనక్కి తీసుకుంటారు. అయిపోయింది, స్వచ్ఛత మీద కార్యక్రమం అయిపోయింది. ఆ పిల్లలు ఆ రోజు ఏం నేర్చుకున్నారంటారు? ఏమీ నేర్చుకోలేదని మనం అనుకుంటాం. నేర్చుకున్నారండీ. సేవ అంటే ఫోటో అని నేర్చుకున్నారు. అది మళ్ళీ మర్చిపోయేలా చేయడం చాలా కష్టం.

ఇంకోటి. ఒకసారి పిల్లలతో కలిసి వృద్ధాశ్రమానికి వెళ్ళాను. పళ్ళు ఇచ్చాం, పాటలు పాడాం, గంటలో బయల్దేరాం. ఒక పెద్దావిడ ఒక పిల్ల చెయ్యి పట్టుకుని, "మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?" అంది. పిల్ల నా వైపు చూసింది. నేను ఏం చెప్పను? మళ్ళీ వెళ్ళడానికి బస్సు లేదు, పీరియడ్ లేదు, అనుమతి లేదు. వస్తాం అంటే అబద్ధం, రాం అంటే ఎలా? ఆ పిల్ల బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. వారం వారం వెళ్ళగలిగితే అది బంధం. ఆ పెద్దావిడ చిన్నప్పటి కబుర్లు రాసుకుంటే అది చరిత్ర పాఠం. ఒక్కసారి వెళ్ళి వచ్చేస్తే మటుకు అది మన సంతృప్తి కోసం ఆవిడ్ని వాడుకోవడమే. మాట కటువుగా ఉంటే క్షమించండి, కానీ నేను అలాగే అనుకుంటున్నాను. ఆ తేడా ఎక్కడుంది? మళ్ళీ వెళ్ళగలగడంలో. మళ్ళీ వెళ్ళాలంటే బస్సుండాలి.

సరే, కొంచెం వెనక్కి వెళ్దాం. ఇది మనకు కొత్త ఆలోచనేం కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారు విద్యా మహాసభ పెట్టారు. చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు, దాన్నే నయీ తాలీం అంటాం. జాకిర్ హుస్సేన్ గారి అధ్యక్షతన కమిటీ వేశారు, పాఠ్యప్రణాళిక రాశారు. అంత గొప్ప ఆలోచనలో ఒక మెలిక ఉంది. పిల్లలు చేసిన వస్తువులు అమ్మి, ఆ డబ్బుతో బడి తన ఖర్చు తాను భరించుకోగలగాలని గాంధీగారి ఆశ. అప్పటి పరిస్థితి అర్థం చేసుకోవాలి, బడులకు డబ్బు లేదు. కానీ ఆ కమిటీయే తన నివేదికలో హెచ్చరించింది, ఆదాయం మీద దృష్టి ఎక్కువైతే చదువు దెబ్బతింటుంది సుమా అని. చూడండి, ఎంత ముందుచూపో. పిల్లల పని నుంచి డబ్బు రాబట్టాలనుకున్న క్షణంలో పిల్ల విద్యార్థి కాకుండా పనివాడైపోతాడు. అందుకే నేనంటున్నాను, ఈ చదువు తన ఖర్చు తాను సంపాదించుకోవాలని ఆశించకూడదు. ఎవరో ఒకరు పెట్టాలి. ఎవరు పెట్టాలి? ఊరి కోసం జరిగే పని కాబట్టి ఊరందరి డబ్బు, అంటే పన్నుల డబ్బు పెట్టాలి.

ఆ తర్వాత దేశంలో విద్య మీద వేసిన 1964-66 కొఠారీ కమిషన్ పని అనుభవం, సమాజ సేవ అన్ని దశల్లోనూ చదువులో భాగం కావాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ఎస్‌యూపీడబ్ల్యూ అని తెచ్చింది. సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి ఆ పీరియడ్ గుర్తుందో చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఆ పీరియడ్‌లో ఏం చేశారో చెప్పండి. చెప్పలేరు. కొన్ని బడుల్లో కుట్లు అల్లికలు, చాలా బడుల్లో లెక్కల మాస్టారు తీసేసుకున్న పీరియడ్ అది. నేనూ తీసుకున్నాను, ఒప్పుకుంటున్నాను. కాగితం మీద పీరియడ్ ఉంది, దానికి శిక్షణ పొందిన టీచర్ లేడు, సామాను లేదు, బయటికి తీసుకెళ్ళే వీలు లేదు. పేరు ఉంది, పద్దు లేదు.

ఇప్పుడు దీనికి పక్కన ఎన్‌ఎస్‌ఎస్‌ని, అంటే కాలేజీ విద్యార్థుల జాతీయ సేవా పథకాన్ని పెట్టి చూడండి. గాంధీగారి శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న మొదలైంది. 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. యాభై ఏళ్ళు దాటింది, ఇంకా నడుస్తోంది. లోపాలు లేవని కాదు. కొన్నిచోట్ల శిబిరం పేరుకే ఉంటుంది. అయినా నిలబడింది. ఎందుకు నిలబడింది? ప్రభుత్వ బడ్జెట్‌లో దానికంటూ ఒక పద్దు ఉంది. యూనిట్‌కి ఒక ప్రోగ్రామ్ ఆఫీసర్ ఉంటాడు, ఇది ఆయన బాధ్యత అని రాసి ఉంటుంది. రెండేళ్ళలో 240 గంటలు అని లెక్క ఉంది. ఏడు రోజుల శిబిరం ఉంది, ఆ శిబిరానికి ఖర్చు ఇస్తారు. 1985 నుంచి ప్లస్ టూ పిల్లలకూ వచ్చింది. ఒక ప్రోగ్రామ్ ఆఫీసర్ రిటైరైతే ఇంకొకరు వస్తారు. నా కుళాయిల పనికి ఇంకొకరు రాలేదు. తేడా అదే. మరి పదకొండేళ్ళ పిల్లకి, పద్నాలుగేళ్ళ పిల్లాడికి ఇలాంటిది ఎందుకు లేదు? కారే కుళాయిని కట్టాలని చెయ్యి పెట్టింది పదమూడేళ్ళ పిల్లే కదా.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు పుస్తకాల సంచి లేని రోజులు అంది. స్థానిక వృత్తిపనివాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి. నాకు చాలా సంతోషం వేసింది. కానీ సంచి లేకుండా వచ్చిన పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారు, ఎలా తీసుకెళ్తారు, వెళ్ళొచ్చాక వాళ్ళతో ఎవరు కూర్చుని మాట్లాడతారు? దీనికి నిధులు లేకపోతే సంచి లేని రోజు కాస్తా చదువు లేని రోజైపోతుంది.

బయటి దేశాల్లో ఏం జరిగిందో రెండు ముక్కలు. అమెరికాలో 1990లో చట్టం చేసి బడుల్లో ఇలాంటి పనికి కేంద్ర ప్రభుత్వ డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. 1993 తర్వాత దానికి లెర్న్ అండ్ సర్వ్ అమెరికా అని పేరు. వాళ్ళ బడ్జెట్‌లో అదెంత? ఏడాదికి దాదాపు 4 కోట్ల డాలర్లు. అంత పెద్ద దేశానికి అది చిల్లర. ఆ డబ్బు రాష్ట్రాల విద్యాశాఖల ద్వారా వెళ్ళి టీచర్ల శిక్షణకూ, కోఆర్డినేటర్లకూ ఉపయోగపడేది. 2011లో ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు దాన్ని పూర్తిగా తీసేశారు. పెద్ద గొడవ కూడా జరగలేదు. ఎందుకంటే దాని వల్ల లాభపడేవాళ్ళు ఎవరు? ఓటు లేని పిల్లలు. నెదర్లాండ్స్‌లోనూ అంతే. 2011లో హైస్కూలు పిల్లలందరికీ 30 గంటల సమాజ సేవ తప్పనిసరి చేశారు, మూడేళ్ళకే 2014లో ఆ నిబంధన ఎత్తేశారు. చట్టం చేయడం తేలిక, తీసేయడం ఇంకా తేలిక. అందుకే మనం అడిగేటప్పుడు గట్టిగా అడగాలి, వచ్చాక కాపాడుకోవాలి.

ఇంకో పోలిక చెప్తాను, ఇది నాకు బాగా నచ్చుతుంది. అమెరికాలో మేరీలాండ్ అనే రాష్ట్రంలో 75 గంటల సేవతో చదువు లేనిదే హైస్కూలు పట్టా ఇవ్వరు, 1992లో పెట్టిన నిబంధన. కెనడాలో ఒంటారియోలో 40 గంటలు, 1999 నుంచి. రెండూ తప్పనిసరే. కానీ మేరీలాండ్‌లో పనికి ముందు తయారీ, తర్వాత ఆలోచన ఉండాలని రాశారు, చాలాచోట్ల పాఠాల్లోనే కలిపేశారు. ఒంటారియోలో ఎక్కువగా పిల్లే వెతుక్కోవాలి, గంటలు నింపుకోవాలి, సంతకం పెట్టించుకోవాలి. ఎవరి నాన్నకు పరిచయాలుంటే వాళ్ళకు మంచి చోటు దొరుకుతుంది. పొద్దున పేపర్లు వేసి, సాయంత్రం తమ్ముణ్ణి చూసుకునే పిల్ల 40 గంటలు ఎక్కడ తెస్తుంది చెప్పండి?

ఇదండీ నా అసలు బాధ. ఖరీదైన బడులకు వెళ్ళి చూడండి. అక్కడ ఈ చదువు ఇప్పటికే ఉంది. దానికంటూ ఒక టీచర్ ఉంది, బస్సు ఉంది, పిల్ల ఏడాదంతా ఒక చెరువు మీద పనిచేసి, అందంగా రిపోర్టు రాసి, దాన్ని కాలేజీ అప్లికేషన్‌కి జతచేస్తుంది. మంచిదే, ఆ పిల్ల నేర్చుకుంది. కానీ ఆ చెరువు గట్టు మీద ఉండే పిల్ల ఎక్కడ చదువుతోంది? ప్రభుత్వ బడిలో. ఆ పిల్లకి సేవ అంటే ఏంటి? ఎవరో కార్లో వచ్చి తమకు చేసి వెళ్ళేది. తనూ చేయగలదని, తన ఊరి నీళ్ళ గురించి తనకే అందరికంటే ఎక్కువ తెలుసని ఆ పిల్లకి ఎవరు చెప్తారు? ప్రభుత్వ డబ్బు లేకపోతే సేవ చేసేవాళ్ళు ఒక బడిలో, సేవ చేయించుకునేవాళ్ళు ఒక బడిలో తయారవుతారు. ఇది నాకు అస్సలు నిద్ర పట్టనివ్వదు.

తల్లిదండ్రులకు ఒక టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. మార్కులు పోతాయేమో అని. 2011లో ముగ్గురు పరిశోధకులు సేవతో చదువు మీద అప్పటిదాకా వచ్చిన 62 అధ్యయనాల్ని కలిపి చూశారు. మొత్తం 11,837 మంది విద్యార్థులు. తమ మీద నమ్మకం, చదువు మీద ఇష్టం, నలుగురితో మసలడం, సమాజం పట్ల బాధ్యత, ఇవి పెరిగాయి. అవి పెరుగుతాయని మనమూ ఊహిస్తాం. ఐదోది చదువులో ఫలితాలు. అవీ మెరుగయ్యాయి. పాఠంతో ముడిపెట్టి, పిల్లల మాట విని, పని తర్వాత కూర్చోబెట్టి ఆలోచింపజేసిన చోట ఫలితాలు ఇంకా బాగున్నాయి. గంటలు లెక్కపెట్టి వదిలేస్తే వచ్చేది కాదు ఇది. ఆ కూర్చోబెట్టే టీచర్‌కి టైం ఇవ్వాలి. టైం అంటే డబ్బే కదా.

బలవంతపు సేవ మంచిదా అని కూడా అడుగుతారు. దాని మీదా 1999లో ఒక పరిశోధన వచ్చింది. అసలు ఇష్టం లేని విద్యార్థుల్ని బలవంతం చేస్తే తర్వాత సొంతంగా సేవ చేయాలన్న కోరిక తగ్గే ప్రమాదం ఉందని తేలింది. నేను ఒప్పుకుంటాను. అందుకే ఏం చేయాలో పిల్లల్నే ఎంచుకోనివ్వాలి. కుళాయిలు నేను ఎంచుకున్నవి కాదు. నేను వెళ్ళి "పిల్లలూ, నీటి పొదుపు మీద ప్రాజెక్ట్" అని ఉంటే అందరూ చార్టు మీద నీటి బొట్టు బొమ్మ వేసి తెచ్చేవాళ్ళు.

ఒక భయం మటుకు నాకూ ఉంది, దాచను. ప్రభుత్వ డబ్బు వస్తే ప్రభుత్వంలో ఉన్నవాళ్ళు పిల్లల్ని వాడుకుంటారేమో. ఊరేగింపులకు, సభలకు నిలబెట్టడం. ఎండలో గంటలు గంటలు నిలబడ్డ పిల్లల్ని నేను చూశాను. ఇంకోటి, పారిశుధ్య కార్మికుల పోస్టులు నింపకుండా పిల్లల చేత ఊడ్పించడం. ఈ రెండూ జరగకూడదని నిధుల నిబంధనల్లోనే రాయాలి. జీతమిచ్చి మనిషిని పెట్టాల్సిన పని పిల్లల చేత చేయించకూడదు. ఏ పార్టీ జెండా కింద, ఏ నాయకుడి బ్యానర్ కింద చేయించకూడదు. నిజానికి డబ్బుకి లెక్క ఉన్నచోటే ఇలాంటివి అడగగలం. లెక్క లేనిచోట ఎవరిని అడుగుతాం?

టాయిలెట్లే సరిగ్గా లేవు, టీచర్ పోస్టులే ఖాళీగా ఉన్నాయి, ముందు అవి చూడాలి కదా అని ఒక అమ్మ చీటీ పంపారు. నిజమేనమ్మా. మీరు చెప్పిందే ముందు. వాటి డబ్బులోంచి తీసి దీనికి ఇమ్మని నేను అడగను, అడిగితే తప్పు చేసినట్టే. ఇది వేరే పద్దుగా, చిన్నదిగా ఉండాలి. అయితే ఒకటి, టాయిలెట్లు సరిగ్గా లేవని ఎన్ని ఉన్నాయో, ఎన్నిట్లో నీళ్ళొస్తున్నాయో కొలిచి, అర్జీ రాసి, జవాబు అడగడం నేర్చుకున్న పిల్లలు ఆ బడిలో ఉంటే ఎలా ఉంటుందో కూడా ఆలోచించండి.

ఇక ఏం అడుగుతున్నాం? పెద్ద జాబితా లేదు. వారానికి రెండు పీరియడ్లు, అవి ఎవరూ లాక్కోకూడదు. కొన్ని బడులకు కలిపి ఒక కోఆర్డినేటర్. ఊళ్ళో ఏ పని ఎక్కడుందో తెలుసుకుని, ఆఫీసులతో మాట్లాడి, పిల్లలు వెళ్ళే చోటు క్షేమమా కాదా చూసే మనిషి. టీచర్లకు శిక్షణ, అది కూడా గదిలో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించే శిక్షణ కాదు. బస్సు ఖర్చు, ప్రథమ చికిత్స పెట్టె, పిల్లలకు బీమా. ఇంకొకటి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ప్రతి తరగతికీ ఒక చిన్న మొత్తం, దాన్ని ఎలా ఖర్చు చేయాలో పిల్లలే తీర్మానించి, పిల్లలే రసీదులు అతికించి, పిల్లలే లెక్క చదవాలి. ప్రజల డబ్బుకి లెక్క చెప్పడం పదమూడేళ్ళకే అలవాటైతే, ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళ దగ్గర కూర్చుని లెక్క అడిగే పని మనకు చాలా తగ్గుతుంది. టీషర్టులకు, టోపీలకు, బ్యానర్లకు, మెమెంటోలకు ఒక్క రూపాయి కూడా వద్దు.

ఈ అడిగేది నేనొక్కణ్ణే వెళ్ళి అడిగితే మాస్టారు చాదస్తం అంటారు. అందుకని మీ నుంచి ఒకటి కావాలి. ఆ తలుపు పక్కన బల్ల మీద తెల్లకాగితాలు పెట్టాం. టీచర్లయితే, మీ బడిలో పిల్లలు ఊరి కోసం చేసిన పని ఒకటి రాయండి. ఎన్ని పీరియడ్లు పట్టింది, ఆ పీరియడ్లు ఎక్కడివి, ఖర్చు ఎవరి జేబులోంచి వెళ్ళింది, మరుసటి ఏడాది అది జరిగిందా లేదా. నాలుగు ముక్కలు చాలు. తల్లిదండ్రులైతే మీ పిల్లల్ని అడిగి, మన వీధిలో నువ్వు బాగుచేయాలనుకునేది ఏంటి అని, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాయండి. అంకెలు పెంచకండి. నలభై మూడు వేలు కాదు, ఏడు వేలైతే ఏడు వేలే రాయండి. బడ్జెట్ తయారుచేసే అధికారుల దగ్గరికి వచ్చే నెల ఆ కాగితాలు పట్టుకునే వెళ్తున్నాం. పెన్నులు అక్కడే ఉన్నాయి.